బిరడా నుంచి బిరడా దాకా

జూలై నెలలో ఏ సాయంత్రమో ట్యాంక్‌బండ్ మీద ఆగి చూడండి. హుస్సేన్‌సాగర్‌లో తెల్లటి ముక్కోణాలు అటూ ఇటూ తిరుగుతూ కనిపిస్తాయి. లుంబినీ పార్కు నుంచి బుద్ధుడి విగ్రహం దాకా జనాన్ని ఎక్కించుకుపోయే పడవలు వేరు, ఇవి వేరు. వీటికి ఇంజను లేదు, తెడ్డు లేదు. ఒక మనిషి, ఒక తెరచాప, నాలుగు తాళ్ళు, అంతే. హైదరాబాద్ సెయిలింగ్ వీక్, మాన్‌సూన్ రెగట్టా జరిగే రోజులవి. దేశం నలుమూలల నుంచి బడిపిల్లలూ సైనికులూ వచ్చి ఈ చెరువులో పందేలు వేసుకుంటారు. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో, 1560ల్లో తవ్వించిన చెరువుకు ఇది కొత్త కొలువు.

నాకు ఈ పిచ్చి నలభై దాటాక పట్టింది. పందేలు గెలిచే వయసు కాదు, ఆ ఆశా లేదు. ఆదివారం పొద్దున పడవ దించి, రెండు మూడు గంటలు తిరిగి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావడం నా సరదా. అయితే పందెం పడవకూ నా షికారు పడవకూ తేడా లేదు. ఒకటే పడవ, ఒకటే తయారీ. చూసేవాళ్ళకు నీళ్ళ మీది ఆట కనిపిస్తుంది కానీ, దానికి ముందు ఒడ్డున జరిగే అరగంట పని కనిపించదు. ఆ అరగంటలో వదిలేసిన ప్రతి చిన్న పనికీ నీళ్ళు లెక్క అడుగుతాయి. ఆ పని ఎలా చేయాలో వరసగా చెబుతాను.

కావలసినవి

పదిహేనేళ్ళ లోపు పిల్లలైతే ఆప్టిమిస్ట్. 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ అనే ఆయన పిల్లల కోసమే గీసిన పడవ ఇది. పొడవు 2.3 మీటర్లు, బరువు 35 కిలోలు. ముందు భాగం కోసుగా ఉండదు, స్నానాల తొట్టిలా చదునుగా ఉంటుంది. ప్రపంచంలో పేరున్న సెయిలర్లలో చాలామంది ఓనమాలు దిద్దింది ఈ తొట్టిలోనే.

పెద్దవాళ్ళకు ఇల్కా. పాతవాళ్ళు ఇప్పటికీ లేజర్ అనే అంటారు. 1969లో కెనడాలో ఇయాన్ బ్రూస్ అనే డిజైనర్ తన స్నేహితుడు బ్రూస్ కిర్బీకి ఫోన్ చేసి, కారు పైన కట్టుకుపోయే పడవ ఒకటి కావాలన్నాడు. కిర్బీ ఫోన్లో మాట్లాడుతూనే కాగితం మీద గీసేశాడట. ఆ గీతలోంచి పుట్టిన పడవలు ఇప్పటికి రెండు లక్షలు దాటాయి. 1996 నుంచి ఒలింపిక్స్‌లోనూ ఉంది. ఖాళీ పడవ బరువు 59 కిలోలు, పొడవు 4.2 మీటర్ల పైచిలుకు. ఒకే పడవకు మూడు సైజుల తెరచాపలు బిగించుకోవచ్చు: 4.7, 5.76, 7.06 చదరపు మీటర్లు. అవే ఇల్కా 4, ఇల్కా 6, ఇల్కా 7. మీ బరువును బట్టి చాప ఎంచుకోవాలి. కొత్తవాళ్ళు 7 జోలికి పోకుండా చిన్న చాపతో మొదలుపెట్టడం మంచిది.

ఇవి కాక లైఫ్ జాకెట్, ఈల, పట్టు జారని చెప్పులు, టోపీ, తాగే నీళ్ళ సీసా. తాళ్ళు గుంజీ గుంజీ చేతులు బొబ్బలెక్కుతాయి కాబట్టి చేతి తొడుగులు కూడా.

తెరచాప, చుక్కాని, లంగరు మన రేవుల్లో ఎప్పటి నుంచో ఉన్న మాటలే. మిగతా వాటికి క్లబ్బుల్లో ఇంగ్లీషు పేర్లే వాడతారు. నేనూ అవే వాడతాను.

ఒకటి: ముందు గాలిని చూడండి

పడవను ముట్టుకోకముందు అయిదు నిమిషాలు ఊరికే నిలబడండి. క్లబ్బు జెండా ఎటు ఎగురుతోంది? చెట్ల కొమ్మలు ఊగుతున్నాయా, ఆకులు మాత్రమే కదులుతున్నాయా? నీళ్ళ మీద అక్కడక్కడా ముదురు రంగు మచ్చలు పాకుతూ కనిపిస్తాయి. గాలి బలంగా తగిలే చోట నీరు ముడతలు పడి నల్లగా అవుతుంది. ఆ మచ్చ మీ వైపు వస్తోందంటే విసురు వస్తోందన్నమాట.

వానాకాలంలో మనకు గాలి పడమటి నుంచి. నెక్లెస్ రోడ్డు వైపు భవనాలను దాటుకుని వస్తుంది కనుక నిలకడగా ఉండదు. ఒక నిమిషం పడి, మరో నిమిషం ఈడ్చి కొడుతుంది. నైరుతి మబ్బు ముదురుతుంటే, ఉరుము వినిపిస్తే, ఆ రోజుకు పడవ దించకండి. నీళ్ళ మధ్య నిలబెట్టిన అల్యూమినియం స్తంభం కింద కూర్చోవడం ఎంత తెలివైన పనో చెప్పనక్కర్లేదు.

గాలి ఏ దిక్కునుంచి వస్తోందో తెలిశాక, పడవ ముక్కు ఆ దిక్కుకు ఉండేలా ట్రాలీని తిప్పి పెట్టండి. ఇక్కడి నుంచి చేసే ప్రతి పనీ ఇలాగే, ముక్కు గాలికి ఎదురుగా పెట్టి.

రెండు: బిరడా

పడవ వెనక గోడలో, అడుగున, రూపాయి బిళ్ళంత రంధ్రం ఉంటుంది. లోపలికి చేరిన నీళ్ళు పోవడానికి. దానికి మరతో బిగించే ప్లాస్టిక్ బిరడా ఒకటి. ఒడ్డున ఉన్నంతసేపూ తీసి ఉంచుతారు, నీళ్ళలో దించేముందు బిగిస్తారు. ఇంతకంటే సులువైన పని పడవలో లేదు. కనకనే మరిచిపోతారు.

నేను మరిచిపోయాను. నేర్చుకున్న మొదటి ఏడాదే. బయలుదేరిన పావుగంటకు పడవ మొద్దుబారిపోయింది. చుక్కాని తిప్పితే ఆలస్యంగా తిరుగుతోంది, విసురు వస్తే లేవాల్సింది పోయి మునగడానికి చూస్తోంది. గాలి తగ్గిందనుకున్నాను. తర్వాత చాపను అన్నాను. చివరికి నా బరువును కూడా అన్నాను. క్లబ్బులో పడవలు చూసుకునే పెద్దాయన రెస్క్యూ బోటులో పక్కకు వచ్చి, నా పడవ వెనకభాగం ఎంత కిందికి ఉందో ఒకసారి చూసి, ఒకే మాట అడిగాడు.

“సార్, బిరడ పెట్టిన్రా?”

లైఫ్ జాకెట్ జేబు తడిమి చూసుకున్నాను. బిరడా అందులో భద్రంగా ఉంది.

ఒడ్డుకు లాగించుకు వచ్చి, ముక్కు పైకెత్తి పట్టుకుంటే, ఆ రంధ్రంలోంచి నీళ్ళు పది నిమిషాలకు పైగా కారాయి. ఆ పెద్దాయన ఏమీ అనలేదు. మూరెడు సన్నతాడు తెచ్చి బిరడాను పడవకే కట్టేసి వెళ్ళాడు. అది ఇప్పటికీ అలాగే ఉంది.

మూడు: మాస్ట్, తెరచాప

మాస్ట్ అంటే తెరచాపను నిలబెట్టే స్తంభం. ఇల్కా మాస్ట్ రెండు ముక్కలు. పై ముక్కను కింది ముక్కలో దూర్చాలి. తెరచాప ముందంచున గొట్టంలా కుట్టి ఉంటుంది, దిండుకు గలీబు తొడిగినట్టు మాస్ట్‌ను ఆ గొట్టంలోకి ఎక్కించాలి. చాపలో మూడు జేబులుంటాయి. వాటిలోకి మూడు సన్నని పలకలు దూర్చండి. చాప వెనకంచు గాలికి రెపరెపలాడకుండా నిలబడేది ఈ పలకల వల్లే.

ఇప్పుడు మాస్ట్‌ను నిలబెట్టాలి. దానికంటే ముందు తల ఎత్తి పైకి చూడండి, కరెంటు తీగలు ఉన్నాయేమోనని. తర్వాత పడవ పైభాగంలో ఉన్న మాస్ట్ గుంతలో వేలు పెట్టి తడమండి. ఇసుక రేణువు ఒక్కటి ఉన్నా అది మాస్ట్ కింద పడి, తిరిగిన ప్రతిసారీ ఆ గుంతను అరగదీస్తుంది. నెలకోసారి ఆ గుంతను నీళ్ళతో నింపి కాసేపు చూడండి. మట్టం దిగితే అడుగున చిల్లి పడ్డట్టు. బిరడా పెట్టినా పడవలోకి నీళ్ళు చేరుతున్నాయంటే మొదట అనుమానించాల్సింది దీన్నే.

గాలి ఎక్కువగా ఉంటే చాపను మాస్ట్‌కు చుట్టేసి, ఇద్దరు పట్టుకుని ఎత్తండి. నిటారుగా ఎత్తి, గుంతలోకి సూటిగా దించాలి. ఈ పడవకు మాస్ట్‌ను పక్కలనుంచి లాగి పట్టే తీగలు ఉండవు. ఆ గుంతే దానికి ఆధారం. అందుకే ఒక తాడుతో మాస్ట్‌ను పడవకు కట్టి ఉంచుతారు. పడవ తిరగబడితే మాస్ట్ జారి చెరువు పాలు కాకుండా.

నాలుగు: బూమ్, మూడు తాళ్ళు

బూమ్ అంటే చాప కిందంచును చాచి పట్టే అడ్డ గొట్టం. దాని ముందు చివరను మాస్ట్ మీది మేకుకు తగిలించండి. చాప కింది మూలను బూమ్ వెనక చివరకు కట్టండి. ఇక్కడ వేసే ముడి బోలైన్. ఎంత లాగినా బిగుసుకుపోదు, విప్పాలంటే చిటికెలో ఊడుతుంది. సెయిలింగ్‌లో ఒక్క ముడే నేర్చుకునే ఓపిక ఉంటే ఇదే నేర్చుకోండి.

చాపను అదుపు చేసేవి మూడు తాళ్ళు. చాప కిందంచును వెనక్కి లాగేది అవుట్‌హాల్. ముందంచును కిందికి లాగేది కనింగ్‌హామ్. బూమ్ పైకి లేవకుండా కిందికి పట్టేది వ్యాంగ్. పేర్లు మరిచిపోయినా ఫరవాలేదు, సూత్రం గుర్తుంటే చాలు. గాలి తక్కువైతే తాళ్ళు వదులు చేయండి, చాపకు బొజ్జ వస్తుంది, ఉన్న కాస్త గాలినీ పట్టుకుంటుంది. గాలి ఎక్కువైతే మూడూ బిగించండి, చాప పలకలా చదునవుతుంది, మిగులు గాలి జారిపోతుంది.

చివరగా మెయిన్‌షీట్. షీట్ అంటే గుడ్డ కాదు, తాడు. ఎప్పుడూ మీ చేతిలో ఉండేది ఇదే. కప్పీల గుండా దూర్చి, చివర ఎనిమిది అంకె ముడి వేయండి. లేకపోతే విసురులో తాడు మొత్తం జారి వెళ్ళిపోతుంది.

అయిదు: చుక్కాని, డాగర్‌బోర్డు

చుక్కానిని వెనక గోడకు తగిలించి, దాన్ని తిప్పే టిల్లర్ కర్రను దూర్చండి. పడవ వెనక ముక్కోణంలా కట్టిన తాడు ఒకటి ఉంటుంది, దాని పేరు ట్రావెలర్. టిల్లర్ ఆ తాడు కింది నుంచి రావాలి. పై నుంచి వేస్తే మళ్ళీ అన్నీ విప్పాలి. పది మందిలో ముగ్గురు పైనుంచే వేస్తారు, మొదటి మూడు ఆదివారాలు ఆ ముగ్గురిలో నేనున్నాను.

డాగర్‌బోర్డు అంటే పడవ మధ్య గాడిలోంచి నీళ్ళలోకి దించే రెక్క. అది లేకపోతే పడవ గాలికి ఎండుటాకులా పక్కకు కొట్టుకుపోతుంది. ఒడ్డున దించడానికి లేదు కాబట్టి పడవలోనే పడుకోబెట్టి, దాని రబ్బరు తాడును ముందువైపు తగిలించండి.

ఇప్పుడు వెనక్కి నడిచి, వంగి, ఆ రంధ్రం చూడండి. బిరడా ఉందా?

ఆరు: నీళ్ళలోకి

ట్రాలీని నీళ్ళలోకి తోయండి. పడవ తేలగానే ట్రాలీని ఎవరైనా వెనక్కి లాగేస్తారు. నడుము లోతు నీళ్ళలో నిలబడి ముక్కు పట్టుకోండి. చాప గాలికి రెపరెపలాడుతూ ఉంటే అంతా సరిగ్గా ఉన్నట్టే. చుక్కాని దించండి, డాగర్‌బోర్డు సగం దించండి, ఒక్క ఊపులో ఎక్కి కూర్చోండి. కూర్చోవాల్సింది గాలి వచ్చే పక్కన. ముఖం చాప వైపు, వెనక చేతిలో టిల్లర్, ముందు చేతిలో మెయిన్‌షీట్.

చాపను ఎంత లాగాలి? అది రెపరెపలాడే దాకా తాడు వదలండి, రెపరెపలు ఆగే దాకా లాగండి, ఆపేయండి. ఇంతే. కొత్తవాళ్ళు చేసే తప్పు ఎక్కువ లాగడం. ఇరుసు బిగిసిన బండిలా పడవ నిలబడిపోతుంది.

టిల్లర్‌ను ఎటు తోస్తే పడవ ముక్కు దానికి వ్యతిరేకంగా తిరుగుతుంది. కారు నడిపే చేతులకు ఇది అలవాటు కావడానికి రెండు రోజులు పడుతుంది.

ఏడు: గాలికి ఎదురుగా

మనవాళ్ళు గాలివాటం అన్న మాటను తిట్టులా వాడతారు. గాలి ఎటు తోస్తే అటు పోయేవాడని. ఆ లెక్కన ఈ పడవలో గాలివాటంగా పోవడం అందరికీ తెలిసిన విద్య. అసలు విద్య గాలి ఎటునుంచి వస్తోందో అటే వెళ్ళడం.

సూటిగా వెళ్ళలేం. గాలి దిక్కుకు అటూ ఇటూ సుమారు 45 డిగ్రీల మేర ఈ పడవ నడవదు, చాప ఊరికే కొట్టుకుంటుంది. ఆ అంచు పట్టుకుని కుడివైపు ఏటవాలుగా కొంత దూరం, ముక్కు తిప్పి ఎడమవైపు కొంత దూరం. ఘాట్ రోడ్డు మలుపుల్లా. కిలోమీటరు దూరానికి పడవ దాదాపు 1.4 కిలోమీటర్లు తిరగాలి. ఇలా ముక్కును గాలి మీదుగా తిప్పడమే ట్యాక్. టిల్లర్‌ను మీ నుంచి దూరంగా తోసి, బూమ్ కింద తల వంచి, అవతలి పక్కకు మారి, చేతులు మార్చుకోవాలి.

దీని వెనక రహస్యం చాప ఆకారంలో ఉంది. గాలి వంపు తిరిగిన చాపను రాసుకుంటూ పోయేటప్పుడు అది విమానం రెక్కలా పనిచేసి పడవను ముందుకూ పక్కకూ లాగుతుంది. పక్కకు లాగే భాగాన్ని నీళ్ళలోని డాగర్‌బోర్డు అడ్డుకుంటుంది. మిగిలేది ముందుకు పోవడమే.

విసురు వచ్చి పడవ ఒరిగితే పాదాలను పడవ మధ్యలో ఉండే హైకింగ్ పట్టీ కింద దూర్చి, ఒంటిని నీళ్ళ మీదికి వాల్చండి. అప్పటికీ ఒరుగుతుంటే తాడు వదలండి. తాడు వదలడం ఓటమి కాదు.

గాలి వెనక నుంచి వచ్చేటప్పుడు దిశ మార్చడం జైబ్. ఇక్కడ బూమ్ ఒక పక్కనుంచి మరో పక్కకు ఒక్క దెబ్బన వస్తుంది. తల వంచనివాళ్ళకు ఒకసారే పాఠం.

ఎనిమిది: బోల్తా

పడతారు. పడనివాళ్ళు ఎవరూ లేరు. పడ్డాక మొదటి సూత్రం, పడవను వదలకండి. ఒడ్డు దగ్గరగానే ఉందని ఈదకండి. తిరగబడిన పడవ తేలుతూనే ఉంటుంది, దూరం నుంచి కనిపిస్తుంది. ఒంటరి తల కనిపించదు.

మెయిన్‌షీట్ వదులుగా ఉందో లేదో చూసుకుని, పడవ అడుగువైపుకు ఈది, పైకి పొడుచుకు వచ్చిన డాగర్‌బోర్డును పట్టుకోండి. దాని మీదికి ఎక్కి, పడవ అంచు పట్టుకుని వెనక్కి వాలండి. చాప నిండా నీళ్ళుంటాయి కాబట్టి మెల్లగా లేస్తుంది, కంగారు వద్దు. హుస్సేన్‌సాగర్‌లో అయితే నోరు మూసుకుని ఈ పని చేయండి.

తొమ్మిది: పందెం

షికారు చేతికి వచ్చాక ఒక్కసారైనా పందెం వేయండి. గెలవడానికి కాదు, మీ తయారీ ఎలా ఉందో తెలుసుకోవడానికి.

సెయిలింగ్‌లో పడవలు పందెం మొదలయ్యే గీత దగ్గర ఆగి ఉండవు. ఆగడం కుదరదు కనుక తిరుగుతూనే ఉంటాయి. అయిదు నిమిషాలుందనగా హారన్‌తో, ఏ రకం పడవల పందెమో చెప్పే క్లాస్ జెండా లేస్తుంది. నాలుగు నిమిషాలకు పీ జెండా, నీలం మధ్యలో తెల్ల చదరం. ఒక నిమిషం ఉందనగా అది దిగుతుంది. సున్నాకు క్లాస్ జెండా దిగితే పందెం మొదలు. హారన్ మోగకపోయినా జెండాదే లెక్క. ముందే గీత దాటిన పడవ ఉంటే తెలుపు మీద నీలం శిలువ ఉన్న ఎక్స్ జెండా లేస్తుంది. దాటినవాళ్ళు వెనక్కి వచ్చి మళ్ళీ మొదలుపెట్టాలి.

దారి నియమాలు చాలా ఉన్నాయి, మొదటి రోజుకు రెండు చాలు. కుడిపక్క నుంచి గాలి తగులుతున్న పడవకు ఎడమపక్క నుంచి తగులుతున్న పడవ దారి ఇవ్వాలి. ఇద్దరికీ ఒకే పక్కనుంచి గాలి తగులుతుంటే గాలి వచ్చే వైపున్న పడవ తప్పుకోవాలి. తప్పు చేస్తే అక్కడికక్కడే రెండు చుట్లు తిరగడం శిక్ష. పందెం దారికి గుర్తుగా నీళ్ళ మీద తేలే బాయను తాకితే ఒక చుట్టు. పడవ పడవకూ అంపైర్ ఉండడు. చేసినవాడే ఒప్పుకుని తిరగాలి. పదేళ్ళ పిల్లలు ఎవరూ అడగకుండానే తమంతట తాము చుట్లు తిరగడం చూశాక, ఈ ఆట మీద నాకు గౌరవం పెరిగింది.

మార్కుల లెక్క తలకిందులు. మొదటి స్థానానికి ఒకటి, రెండో స్థానానికి రెండు. తక్కువ వచ్చినవాళ్ళే విజేతలు. చాలా పోటీల్లో అన్నిటికంటే చెడ్డ రేసును ఒకదాన్ని తీసేస్తారు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మధ్యప్రదేశ్ అమ్మాయి నేహా ఠాకూర్ ఇల్కా 4లో వెండి పతకం తెచ్చుకుంది. 11 రేసుల్లో మొత్తం 32 వచ్చాయి, చెడ్డ రేసు 5 తీసేస్తే 27. అంటే ఆమె అధ్వాన్నపు రేసులో వచ్చింది అయిదో స్థానం! అదే క్రీడల్లో ఇల్కా 7లో సైనికుడు విష్ణు శరవణన్‌కు 34తో కంచు. వెండి గెలిచిన కొరియా సెయిలర్‌కు 33. రోజుల తరబడి సాగిన పోటీలో తేడా ఒక్క మార్కు.

మరుసటి ఏడాది పారిస్ ఒలింపిక్స్ సెయిలింగ్ మార్సెయ్ తీరంలో జరిగింది. విష్ణు 18వ స్థానంలో, ఇల్కా 6లో నేత్రా కుమనన్ 21వ స్థానంలో నిలిచారు. టోక్యోలో వాళ్ళవి 20, 35. ఒలింపిక్స్ సెయిలింగ్‌కు అర్హత సాధించిన తొలి భారతీయ మహిళ నేత్రా. మార్సెయ్‌లో గాలి లేక కొన్ని రేసులు వాయిదా పడ్డాయి, కొన్ని రద్దయ్యాయి. ప్రపంచంలోని మేటి సెయిలర్లు ఒలింపిక్స్‌లో గంటల కొద్దీ గాలి కోసం కూర్చున్నారు. గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టుకోవాలన్న సామెత పొలానికే కాదు.

పది: తిరిగి ఒడ్డుకు

ఒడ్డు దగ్గరపడగానే ముక్కు గాలికి తిప్పి చాపను వదలండి. డాగర్‌బోర్డు పైకి తీయండి, చుక్కాని లేపండి, దిగి ట్రాలీ మీదికి లాగండి. విప్పే వరస కట్టిన వరసకు తిరగేసినది: మెయిన్‌షీట్, బూమ్, చివరికి మాస్ట్. చాపను మంచినీళ్ళతో కడిగి, నీడలో ఆరబెట్టి, చుట్టండి. మడత పెడితే గీతలు పడి, ఆ గీతల దగ్గరే చిరుగుతుంది. పడవనూ కప్పీలనూ కడగండి. అలసిపోయిన చేతులు ఇక్కడ బద్ధకిస్తాయి. వచ్చే ఆదివారం బిగుసుకుపోయిన కప్పీతో కుస్తీ పట్టేది కూడా ఆ చేతులే.

ఆఖరి పని, బిరడా విప్పడం. ముక్కు పైకెత్తి, వెనక రంధ్రం కింద చేయి పెట్టండి. ఏమీ రాకపోయినా, దోసెడు వచ్చినా మీ తయారీ బాగుంది. బకెట్టెడు వస్తే మాస్ట్ గుంత దగ్గర నుంచి మళ్ళీ చూసుకోండి. ఆ తర్వాత బిరడాను జేబులో వేసుకోకండి. పడవకు కట్టిన తాడుకే వేలాడనివ్వండి.